గంటలావిడ వాళ్ళమ్మ

ఆసుపత్రి గదిలో, కళ్ళకు కట్టుతో పడుకున్న కూతురికి తల్లి పుస్తకం చదివి వినిపిస్తోంది.

"...అలా ఆవిడ పోతపోసిన గంటలు ఊరూరా మోగాయి. ఒకరోజు ఓ పెద్ద వైద్యుడొచ్చి మందు వేస్తే, చూపు కూడా తిరిగొచ్చింది. అయిపోయింది. ఇక పడుకో, కందిరీగా."

"నిన్న నాన్న చదివినప్పుడు రాలేదే."

"ఏంటి రాలేదు?"

"చూపు. చచ్చిపోయేదాకా రాలేదన్నాడు. గంట ఎక్కడ పగిలిందో చెవితోనే కనిపెట్టేదట."

"మీ నాన్న పేజీలు ఎగరగొట్టి చదువుతాడు. ఏ పని కుదురుగా చేశాడని?"

"పిన్ని తెచ్చిన పుస్తకంలోని తాతకీ చూపు వచ్చిందన్నావు. మా టీచరు తెచ్చినదాంట్లోనూ వచ్చిందన్నావు."

"వచ్చింది మరి. రాకపోతే పుస్తకాలెందుకు రాస్తారు?"

"అందరూ కళ్ళు లేనివాళ్ళ పుస్తకాలే తెస్తున్నారేంటమ్మా?"

"కొట్లో అవే ఉండుంటాయి. నీళ్ళు తాగుతావా?"

"వద్దు. అన్నయ్యకి కాలు విరిగినప్పుడు కాళ్ళు లేనివాళ్ళ పుస్తకం ఎవరూ తేలేదు. మావయ్య బంతి తెచ్చాడు."

"వాడి కాలు అతుక్కునేదే కదే. నీలా..."

"నాలా?"

"నీలా వాడికి పుస్తకాల పిచ్చి ఎక్కడిదీ అంటున్నా."

"ఏడుస్తున్నావా?"

"జలుబే. ఈ ఏసీ ఒకటి, ప్రాణం తీస్తోంది. కట్టు విప్పే రోజు ఏ గౌను తెమ్మంటావు?"

"పసుపుది. విప్పాక అన్నీ కనిపిస్తాయిగా?"

"కనిపించకేం. ముందు నా మొహమే చూడాలి, మీ నాన్నది కాదు. ఇప్పుడే చెబుతున్నా."

"సరే. నీదే."

"మరి పడుకో."

"అమ్మా, గంటలావిడకి చిన్నప్పుడే కళ్ళు పోయాయి కదా. వాళ్ళమ్మకి ఎవరు చెప్పారు?"

"ఏమని?"

"ఇక కనిపించదని."

"అదేం లేదు ఇందులో."

"సరిగ్గా చూడమ్మా."

"చూశానే. వాళ్ళమ్మ మొదటి పేజీలో ఒక్కసారి కనిపిస్తుంది, అంతే. మళ్ళీ ఆవిడ ఊసే లేదు. అయినా అదంతా నీకెందుకిప్పుడు?"

"పొద్దున డాక్టరుగారు నిన్ను బయటికి పిలిచినప్పుడు, కట్టు పైకి జరిపి చూసుకున్నా. నీకెలా చెప్పాలో తెలీక అడుగుతున్నా."