పాలపళ్ళే కదా

రాత్రి డ్యూటీకి వెళ్ళేముందు తల్లి వంటింట్లో పాలసీసా కడుగుతోంది. తొమ్మిదో తరగతి కూతురు గడప మీద కూర్చుని, రేపు బళ్ళో చెప్పాల్సిన ప్రసంగం అప్పజెబుతోంది.

“...కాబట్టి మిత్రులారా, తీపి ఎంత తిన్నామన్నదే కాదు, ఎంతసేపు నోట్లో ఉంచుకున్నామన్నది కూడా చూసుకోవాలి! బావుందా అమ్మా?”

“బావుంది. ఆ బ్రష్షు ఇలా అందుకో. సీసా అడుగున జిగట వదిలి చావట్లేదు.”

“ఇదిగో. నోట్లో క్రిములుంటాయి కదా, అవి ఆ తీపిని తిని పులుపు చేస్తాయి. ఆ పులుపు పంటిని తినేస్తుంది. చాక్లెట్టే అక్కర్లేదు, బిస్కెట్టయినా చాలు. మా క్లాసులో సగంమందికి బిస్కెట్టు సంగతే తెలీదు, తెలుసా!”

“నువ్వున్నావుగా చెప్పడానికి, మహా పండితురాలివి. తమ్ముడు ఏమన్నా తిన్నాడా?”

“ఊఁ.”

“ఊఁ అంటే?”

“తినలేదు. నోరు తెరవనంటాడు. ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు.”

“ఎప్పుడేడ్చాడు? నాకు వినపడనే లేదు. ఆ పాడు నిద్రమాత్ర వేసుకుంటే పగలంతా మొద్దులా పడుంటాను. బుగ్గ వాపు తగ్గిందా?”

“అలాగే ఉంది. కొంచెం ఎక్కువేనేమో... అమ్మా, అసలైన ముక్క విను. నిద్రపోయినప్పుడు నోట్లో ఉమ్మి తగ్గిపోతుంది. అప్పుడు గనక తీపి మిగిలిందో, ఇక పళ్ళ పని—”

“ఆగు.”

“ఇక పళ్ళ పని గోవిందా, అంటాను. అందరూ నవ్వుతారు.”

“ఆగమన్నానా! రాత్రిపూట వీడికి సీసాలో ఏం పోస్తున్నావ్?”

“మంచినీళ్ళు. నువ్వు చెప్పినట్టే.”

“మంచినీళ్ళయితే సీసాకి ఈ చీమలెందుకు పట్టాయే?”

“ఏమో.”

“నా మొహం చూసి చెప్పు.”

“ఒక్క చెంచా... పంచదార.”

“ఎన్నాళ్ళనుంచి?”

“రోజూ. నీకేం, నువ్వు డ్యూటీకి పోతావు. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే నేనెప్పుడు చదువుకోను? సీసా నోట్లో పెడితే తెల్లారేదాకా కిక్కురుమనడు.”

“అన్నీ తెలిసినదానివి! బడంతటికీ చెప్పబోయేదానివి!”

“తెలుసమ్మా! కానీ వాడివి పాలపళ్ళే కదా. ఎలాగూ ఊడిపోయేవేగా అనుకున్నాను.”

“గదిలో లైటు వెయ్యి. వేయవే!... అయ్యో, కన్ను కూడా పూడుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. కన్నా, లేరా. లే నాన్నా.”

“లేపకమ్మా.”

“ఎందుకు లేపకూడదు? బుజ్జీ! ఒరే! మెడ ఇలా వాల్చేస్తున్నాడేమిటే?”

“నిద్రలో ఉన్నాడు కదా...”

“ఇదేం నిద్ర? ఆ దుప్పటి ఇలా తే.”

“ఇదిగో. ఆస్పత్రికా? నేనూ రానా?... అమ్మా, చెప్పులు. చెప్పులైనా వేసుకో... కావాలంటే తిట్టు, కొట్టు... అమ్మా, ఆగు! మెట్లు దిగకు, ఒక్కమాట! డాక్టరుకి పంచదార ఒక్కటే అని చెప్పకు. మధ్యాహ్నం వాడి ఏడుపుకి నువ్వు లేస్తావేమోనని... సీసాలో నీ నిద్రమాత్ర కూడా కలిపాను. అమ్మా! వినపడిందా?”