చిల్లి గిన్నె ఎవరి చేతిలో ఉండాల

ఓబులక్క అని ఒకామె ఉండెనంట. మొగుడు లేడు. ఊటకాలవ కొసన అరెకరా మడి, అదే ఆమె కూడు. కాలవ నీళ్లు వంతుల మీద పారేది. వంతు ఎట్లా కొలుస్తారంటే, కుండలో నీళ్లు పోసి, అడుగున చిల్లి ఉండే రాగి గిన్నె తేలేస్తారు. గిన్నె నిండి మునిగిందనుకో, నీ వంతు అయిపోయినట్టే, ఇంకొకని మడికి తిప్పాల. ఆ గిన్నె ఊరిపెద్ద చేతిలో ఉండె. ఏమైందంటే, ఆయప్ప కాడ రెండు గిన్నెలు. తన మడికి సన్నచిల్లిది, అది మునిగేతలికి పొద్దు తిరిగిపోతాది. జనానికి పెద్దచిల్లిది, ఇట్లా పెడితే అట్లా బుడుంగు! ఓబులక్క కనిపెట్టి ఊరంతా లేపె. పెద్దను తరిమేసి, వాని సన్నచిల్లి గిన్నెను చితగ్గొట్టి, ఇంక మనకు పెద్దా వద్దు గిద్దా వద్దు, మనమే చూసుకుందాం అనుకునిరి. ఒకని మడి పారేటప్పుడు, తరవాత వంతు ఎవరిదో వాడు గిన్నె కాడ కూచోవాల. వాడైతే మోసపోడు గదా. బాగనే ఉండాది గదా మాట? రెండు పంటలు బాగనే జరిగెనంట. నేనైతే అప్పుడే నమ్మను.

మూడో పంటకు సుంకప్ప అనేవాడు గొణగబట్టె. తరవాత వంతువాడు గదప్పా, తొందరకు వేలు పెట్టి ముంచడని ఏం నమ్మకం? అంటాడు. నిజమే గదా అని వానికొక కాపలా. ఆ కాపలావాడు వాని బామ్మర్ది అయితేనో? వానికింకొకడు. చూడండి నాయనా, ఆఖరికి ఊరు ఊరంతా గిన్నె చుట్టూ కూచునె, రెప్ప కొట్టకుండా! ఆడ పైన కాలవ గట్టు తెగి నీళ్లన్నీ ఏట్లోకి పోతాంటే చూసే నాథుడు లేడు. కొసన ఓబులక్క మడి, పొట్టకొచ్చిన వరి, నేల నెర్రెలిచ్చె. ఆమె వచ్చి నెత్తి కొట్టుకుని ఏడ్చె. పాపం, ఏడవదా? అప్పుడు సుంకప్ప లేచి, "ఎవరో ఒకరు పెద్ద ఉండాలప్పా. గిన్నె నాకియ్యండి, నేను చూసుకుంటా" అనె. జనానికి ఇసుగు పుట్టి ఉండె, సరే పో అనిరి. ఓబులక్క మాత్రం వాని చంక కల్లే చూస్తాండె. "ఆ తువ్వాల్లో ఏం మూటగట్టినావు సుంకప్పా?" అనె. సద్ది అనె వాడు. గుంజి విప్పితే ఏముంది, గిన్నె! రెండూ పక్కపక్కన తేలేసిరి. ఊరిది మునిగె. వానిది దర్జాగా తేలుతానే ఉండె.

అయితే నువ్వే పెట్టుకో ఓబులక్కా అనిరి జనం. ఆమె ఏమనెనంటే, "నాకొద్దు. నా మడి ఎండుతాంటే నేను మాత్రం సన్నచిల్లి చెయ్యనని ఏం నమ్మకం? గిన్నె కాడ ఇద్దరు చాలు, మిగతావాళ్లు పారలెత్తుకుని గట్టుకు పోండి" అనె. పోయిరి. ఓబులక్క మడి సగం దక్కె, సగం పోయె.

ఇప్పుడూ ఆ ఊర్లో పెద్ద లేడంట. నమ్మబుద్ది గాక నేనే ఒకసారి పోతి. ఊర్లో కాలు పెట్టంగానే ఒకాయప్ప నా సద్దిమూట విప్పి, నేను కూడు తినే గిన్నెను ఎండకు ఎత్తి చూసె, చిల్లి ఉందేమోనని. "నువ్వేనా ఈ ఊరి పెద్ద?" అంటి. "కాదు, ఈ పొద్దు చూసేది నా వంతు" అనె. రేపటి వంతుకు ఇంకొకడు వస్తాడో, ఈయప్పే కూచుంటాడో ఇంకొకసారి పోయి చూడాల. నాకింకా నమ్మకం కుదర్లేదు.