సాగదీసిన పాట

వర్ని కాలువలో కాళ్లు జారవిడిచి కూర్చున్న సంజన, బడిలో ఇచ్చిన ప్రశ్న సంగతి మరిచి, కూనిరాగంగా వరినాట్ల పాట తీస్తోంది. పక్కనే ఉన్న అవ్వ నవ్వింది.

"గంత నిమ్మలంగ పాడితే నాట్లు పడయి బిడ్డా."

"నాకు గిట్లనే వస్తదవ్వా. గది గాదు గని, పాట మనిషిని న్యాయం దిక్కు నిలవెడ్తదా, తెలిసిన కథతోని రాయుమన్నడు సారు."

"న్యాయమేమో గని, పాట జల్దిగుంటె నాటు జల్ది పడ్తది. గందుకే పటేల్ తన పొలంల నాతోని పాట ఎత్తిచ్చేటోడు. ఒకనాడు వరుసల ఒకామె ఎనకవడ్డది. నిండు నెలలు. నడుము వట్టుకొని నిలవడ్డది. నేను పాట సాగదీసిన."

"పటేల్ ఊకున్నడా?"

"జల్ది పాడుమని గట్టు మీదికెల్లి ఒర్రిండు. నేనింకింత సాగదీసిన. అందరి చేతులు నిమ్మలమై ఆమె చేతులతోని కలిసినయి. మల్ల యాడాది పటేల్ నన్ను పిలువనే లేదు."

నీళ్ల మీద ఎండ ఊయలలా ఊగుతోంది. సంజన గొంతులో పాట మళ్లీ కదిలింది, ఇంకా నిదానంగా.

"గామె ఎవలవ్వా?"

"మీ అమ్మనే. నీకు పాట నిమ్మలంగ రాక ఇంకెట్లొస్తది బిడ్డా, కడుపుల ఉండి నువ్విన్నదే గట్ల."