మేనేజరు రాసిన మాట

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే వదిన, రేపు హోటల్లో కొత్త పనికి చూపించడానికి ఆస్పత్రి మేనేజరు రాసిచ్చిన ఉత్తరాన్ని ఆడపడుచు చేతిలో పెట్టింది.

“నువ్వు చేసింది ‘సిసిఫియన్’ పని అని రాశాడొదినా.”

“పొగిడాడా, తిట్టాడా?”

“ఆగు, డిక్షనరీ చూస్తున్నా. పాత గ్రీకు కథలో ఒక రాజట. బండను కొండ మీదికి దొర్లిస్తాడు, అది మళ్లీ కిందికొచ్చేస్తుంది. మళ్లీ దొర్లిస్తాడు.”

“ఎన్నాళ్లు?”

“ఎప్పటికీ. దేవుళ్లు వేసిన శిక్ష.”

“శిక్షా? నేనేం తప్పు చేశానే?”

“నిన్ను కాదు తల్లీ, పనిని అన్నాడు. ఎంత చేసినా తరగదని.”

“అది నిజమే. పొద్దున ఉతికిందే సాయంత్రానికి మాసి వస్తుంది. ఆ రాజు ఒక్కరోజైనా మానేశాడా?”

“లేదు.”

“పదకొండేళ్లలో నేను రెండు రోజులు మానేశానే, అమ్మ పోయినప్పుడు! అది కూడా కింద రాయించుకు రానా?”