బల్ల కింద పరుపు

షెంజెన్‌లో మా అమ్మాయి పనిచేసే సెల్‌ఫోన్ల కంపెనీలోనే మా అల్లుడూ చిప్‌ల నమూనాలు గీసేవాడు. ఆ శనివారం ఆమె అతని పెట్టె సర్దుతుంటే, పక్కగదిలో ఉల్లికాడలు తరుగుతూ విన్నాను.

“మిరపపచ్చడి సీసా సాక్సులో చుట్టి పెట్టాను. పగలగొట్టుకోకు.”

“మన కంపెనీ ఫోన్ కూడా పెట్టావేంటి? తీసెయ్.”

“అందులో చిప్ నువ్వు గీసిందేగా!”

“అందుకే. దాంతో అమెరికాలో దిగితే సాయంత్రం దాకా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు.”

“ఆ దేశం పాస్‌పోర్టు తీసుకున్నది నువ్వేగా మహానుభావా! ఇప్పుడేమో వాళ్ళ పౌరులెవరూ చైనా కంపెనీలకు చిప్‌లు చేసిపెట్టకూడదని కొత్త రూలు పెట్టారట.”

“నేను తీసుకున్నప్పుడు రెండు దేశాలూ బాగానే ఉండేవి.”

“ఇక్కడే ఇంకో పని చూసుకో.”

“నాకు వచ్చింది ఇదొక్కటే.”

“అయితే నన్నూ తీసుకెళ్ళు.”

“ఈ కంపెనీ పేరు చూస్తే నీకు వీసా ఇవ్వరు. పైగా మీ అమ్మనెవరు చూస్తారు?”

“మెల్లగా అను, వింటుంది.”

కత్తి ఆపకుండా తరుగుతూనే ఉన్నాను. మా అమ్మాయే మళ్ళీ మాట అందుకుంది.

“ఆఫీసులో నీ బల్ల కింద మధ్యాహ్నం నిద్ర పరుపు ఉంది కదా, సోమవారం తెచ్చేయనా?”

“వద్దు. పరుపు చుట్టేస్తే ఉద్యోగం మానేశాననుకుంటారు.”

“మానెయ్యలేదా?”

“ఈ గొడవ చల్లారగానే వస్తాను. జనవరిలో కొత్త సంవత్సరం, వసంత పండుగ లోపలే.”

“ఏ ఏడాది వసంత పండుగ?”

పెట్టె జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

మా అల్లుడు 2022 అక్టోబరు పదిహేనున వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.