వంటింట్లో చెరుకుసాళ్ళు

కాంప్ ద మాస్క్, సముద్రం అవతల చెరుకు దీవిలో ఒక ఊరు, 1923. చెరుకు కోతలు ఇంకా మొదలుకాలేదు. సాయంత్రం వంటింట్లో బడిపంతులు గోపాలం, అతని భార్య రుక్మిణి. వసారాలో మంచం మీద అతని తల్లి చెల్లమ్మ.

"ఇప్పుడే కదా అలికాను? తడైనా ఆరలేదు. ముగ్గుపిండంతా పోసి ఈ గీతలేమిటండీ?"

"తొక్కకు రుక్మిణీ, తొక్కకు."

"తొక్కకుండా పొయ్యి దగ్గరికి ఎగిరి వెళ్ళనా? గుమ్మం నుంచి గోడదాకా గీసేశారు."

"ఒక్క పావుగంట."

"పొద్దున్నా పావుగంటే అన్నారు. బల్లమీద మీ కాగితాలు, నేలమీద మీ గీతలు. బియ్యం నా నెత్తిమీద కడగాలి కాబోలు."

"ఏటే అది? ఏటి గొడవ?"

"ఏం లేదత్తా. మీ అబ్బాయి వంటింట్లో చెరుకు నాటుతున్నారు."

"పుస్తకం రేపు కాలేజీకి తిరిగిచ్చెయ్యాలమ్మా. ఇన్నాళ్ళకి ఒక్క ముక్క అర్థమైంది, అది కాస్తా..."

"వెలుతురు వంగుతుందన్న పుస్తకమేనా?"

"అదే. రిలేటివిటీ. విసుక్కోకుండా ఒక్కసారి నడు, చెప్తాను."

"పొద్దుట్నుంచి నడుస్తూనే ఉన్నా. నూతికీ, పాకకీ..."

"నాలుగే అడుగులు. గుమ్మం నుంచి, గీతల వెంబడే. ఎన్ని దాటావు?"

"ఒక్కటీ లేదు."

"ఇప్పుడు అడ్డంగా. అవే నాలుగడుగులు."

"ఎనిమిది. అయిందా?"

"ఇప్పుడు ఏటవాలుగా, పొయ్యి మూలకి. నాలుగే."

"ఐదు. కాళ్ళు పీకుతున్నాయండీ."

"చూశావా? నీ నడక ఒక బాణం. ఫలానా వైపు, ఇంత దూరం అంటుంది. ఈ గీతలు బాణం కాదు. నేనిన్నాళ్ళూ వీటినీ బాణమే అనుకుని కుస్తీ పట్టాను. పుస్తకంలో కోవేరియంట్ వెక్టరని పెద్ద పేరు పెట్టారులే. ఇవి ఊరికే పడి ఉంటాయి. ఎవరి నడకైనా అప్పగిస్తే ఒక అంకె చెప్తాయి. అంతే వీటి పని."

"ఆ అంకెతో ఏం చేస్తారు?"

"గజాల్లో కొలిస్తే నీ నడక ఒక లెక్క, మూరల్లో కొలిస్తే ఇంకో లెక్క. దాటిన గీతలు మాత్రం మారవు. నేలమీద నిలబడి చూసినా, పరిగెత్తే రైల్లోంచి చూసినా ఎనిమిదంటే ఎనిమిదే. ఈ శాస్త్రానికి కావలసింది అలా మారని అంకె."

"అడుగులు అవే అయినా, వెళ్ళిన వైపుని బట్టి అంకె వేరు."

"అదే! సరిగ్గా అదే. నాకింతకాలం పట్టింది, నువ్వు..."

"మన కారోలో, ఆ చెరుకుచేలో, సాళ్ళూ ఇలాగే కదండీ? దారి నుంచి ఏటిదాకా."

"ఆ. అవి చూసే తట్టింది. సరే, ఇంక చెరిపేసి వంట చేసుకో."

"ఉండండి. బావగారు పోయాక మీ వదినతో కారో పంచుకున్నాం కదా. కొలతలకొచ్చిన మార్సెల్ దారివెంట అడుగులేసి కొలిచాడు. మనకిన్ని, గౌరక్కకి అన్నే. మధ్యలో రాయి పాతాడు."

"సమానంగానే వేశాడు. అందరం చూశాం."

"అడుగులు చూశాం."

"చెరిపెయ్యమన్నాను కదా."

"మన వైపు దారి సాళ్ళకి అడ్డంగా పోతుంది. రాయి దాటాక, అక్క వైపు, వంపు తిరిగి..."

"వంపు కొంచెమే."

"గుమ్మం నుంచి పొయ్యి మూలకి నడిచినంత కొంచెం. ఏటిగట్టూ దారితోపాటే వంగింది. సాళ్ళ పొడుగు రెండువైపులా ఒకటే. మరి మనకి ఎనిమిదైతే ఆవిడకెన్ని సాళ్ళు వచ్చినట్టు?"

"ఎవరు చూశారు? దారి కొలిచాక సాళ్ళెవరు లెక్కపెడతారు?"

"లెక్కపెట్టకుండానే ఏటేటా ఆవిణ్ణి తిట్టాం."

"ఎవర్నే? గౌరినా? తిట్టరేటి మరి? సమానంగా పంచిన నేల. దాని సెరుకు మాత్రం ఎప్పుడూ తక్కువే. మిల్లు కాటా దగ్గర సిగ్గు పోతంది. సేతకాని సెయ్యి, ఒంగని నడుం."

"అత్తా, ఆవిడ చేలోకి నాకంటే ముందెళ్ళి నాకంటే తర్వాత వస్తుంది."

"ఎల్తే ఏటి లాబం?"

"విన్నారాండీ?"

"రుక్మిణీ, అది పుస్తకంలో లెక్క. ఎక్కడో సూర్యుడి దగ్గర..."

"గీసింది మన వంటింట్లో."

"నువ్వేమంటున్నావో నీకు తెలుస్తోందా? రాయి కదిపితే పోయేది మన చెరుకే. ఇంటికి రేకులు వేయించమన్నదీ నువ్వే. వానొస్తే గిన్నెలు పెట్టలేక చస్తున్నానని ఏడ్చిందీ నువ్వే."

"నేనే. ఇంకొన్నాళ్ళు గిన్నెలు పెడతాను."

"కోతలయ్యాక చూద్దాం."

"కోతలంటే మళ్ళీ కాటా. మళ్ళీ అందరిముందూ ఆవిడ తలొంచుకుని నిలబడాలి. గిన్నెలు పెట్టే ఓపికైనా ఉంది గానీ, అది చూసే ఓపిక నాకు లేదండీ."

"ఇంకోసారి ఆలోచించు."

"లెక్క తప్పంటారా? తప్పంటే చెప్పండి, ఇప్పుడే చెరిపేస్తాను."

"తప్పని ఎలా అంటాను?"

"అయితే ఒప్పేనా?"

"ఒప్పే. ఒప్పే గానీ... అమ్మకి నేను చెప్పలేను. నువ్వే చెప్పు."

"గౌరక్క వచ్చినట్టుంది. అక్కా, కత్తి అక్కడ పెట్టి, కాళ్ళు కడుక్కుని రా. ఆ గీతలు తొక్కినా ఫర్వాలేదు, లోపలికి వచ్చెయ్. అత్తా, మీరూ వినండి. కోతలకి ముందే కారోలో హద్దురాయి జరుపుతున్నాం."

"జరపండి, జరపండి. దాని సేతికి ఆ పాటి నేల కూడా ఎక్కువే."

"మన సాళ్ళలోకి, అత్తా."