అల్బట్ సాబ్‌కు నేర్పిన మోకు ముడి

“తాతా, అందరు ఆవలి ఒడ్డుకు పడవ ఎక్కుతుంటె నువ్వేంది, ఆ తాడు కాడ్నే నిలబడ్డవ్?”

ఏం లేదు బిడ్డా, ముడి సూస్తున్న. ఇటు రా, కూసో. మీ ఆయన చాయ్‌కి పోయిండు గదా, ఆయన వచ్చేదాక జెప్త. ఫోన్ల రికార్డు వెట్టినవా? పెట్టుకో, నాకేంది. అగో, ఆ పడవోడు ఎట్ల కట్టిండో సూడు. సుట్టిండు, సుట్టిండు, ఆఖరికి కుప్ప పోసిండు. అది ముడా? మా దినాలల్ల గిట్ల కడితె అల్బట్ సాబ్ ఒప్పుకోకపోతుండె.

అల్బట్ సాబ్ అంటె మా ఫోర్మెన్. ఇంగ్లీషాయన. గీ ఒడ్డు మీదనే, గట్ల కొంచెం ముంగటికి, మా కఫీల్‌ది, అంటె నన్ను పనికి తెచ్చుకున్న అరబ్బు మాలిక్‌ది, పడవలు ఆపే జాగ ఉండె. కట్టెతోని చేసిన పెద్ద పెద్ద పడవలు, బొంబాయి నుంచి, ఇరాన్ నుంచి వస్తుండె. వాటిని గుంజలకు కట్టుడు, మల్ల ముడి ఊడదీసుడు నా పని. అప్పుడు ఈ బిల్డింగులు ఏడియి? చాయ్ పావు దిర్హం. తాగేటందుకు నీళ్ళు డబ్బాలల్ల వస్తుండె.

ఎమర్జెన్సీ ఎత్తేసినంక రెండేండ్లకు గీ దేశం వచ్చిన… ఆగు, రెండేండ్లకు కాదు, ఏడాదికే. మీ అమ్మమ్మకు అప్పుడు ఐదో నెల. మీ అమ్మ పుట్టిందని నాకు ఉత్తరంల తెల్సింది, అదీ పుట్టిన నెల దినాలకు. రెండేండ్లు నిండితె గాని ఛుట్టీ లేదు. పాస్‌పోర్ట్ కఫీల్ పెట్టెల ఉంటది. నేను దినాలు లెక్కవెట్టుకుంట ఉంటి, బిడ్డ మొఖం ఎప్పుడు సూస్తనా అని.

మనం గౌండ్లోళ్ళం గదా. మా నాయినతోని పదేండ్లప్పటి నుంచి కల్లు గీసేటందుకు ఈత చెట్లు ఎక్కిన. చెట్టెక్కేటప్పుడు నడుముకు, చెట్టుకు కలిపి ఏసుకునే తాడును మోకు అంటం, తెల్సు గదా నీకు. ఆ మోకు ముడి ఉంటది సూడు, బరువు పడ్డకొద్ది బిగుసుకుంటది. బరువు తీసి ఒక్క గుంజుడు గుంజితె ఊడొస్తది. నేను పడవలకు గదే ముడి ఏసిన. ఇంకోటి నాకు రాదాయె! అల్బట్ సాబ్ వచ్చి సూసిండు. గుంజి సూసిండు. ఆయనకు తుకుడా తుకుడా హిందీ వస్తుండె. “యే కిధర్ సీఖా?” అన్నడు. చెట్టు మీద సాబ్, అన్న. నవ్విండు. నాకు నేర్పు అన్నడు. అంత పెద్ద మనిషి నా ముంగట గొంతు కూసొని మూడు దినాలు నేర్సుకున్నడు. వేళ్ళు లావు ఆయనయి, జెల్ది రాలె.

ఆయనది ఇంగ్లండ్‌ల ఒక కాలువ పక్క ఊరు. మన పెద్ద కాలువ లెక్కనే, గని సన్నగ ఉంటదట. దాంట్ల సన్నటి, పొడుగు పడవలు. పడవల మీద గులాబి పూలు ఏస్తరట రంగులతోని. ఇంజన్లు రాకముందు గట్టు మీద గుర్రం నడుసుకుంట పడవను గుంజుతుండెనట. మా కాలువల నీళ్ళు లెవ్వయి, దిగయి, అందుకే మా ముళ్ళు సోమరి ముళ్ళు అంటుండె. గీడ సముద్రం నీళ్ళు పొద్దుమాపు లేస్తయి, దిగుతయి గదా, ముడికి పని ఎక్కువ.

ఆ కాలువ గట్టుకే ఒక బీరు బట్టీ. ఎర్ర ఇటుకల గోడ, ఇంత ఎత్తు పొగగొట్టం. వాళ్ళ నాయిన దాంట్ల కట్టె పీపాలు చేస్తుండెనట. గోడ పొంటి పడవలు కట్టేసి పీపాలు దొర్లించుకుంట నింపుతుండిరి. బీరు కాసే దినం ఊరంత ఒకటే వాసన. బడికి పోయే పోరగాండ్లు ఆ వాసనల్నే పోతుండిరట. గీ ముచ్చట ఆయన ఎన్నిసార్లు జెప్పిండో! నేను మా లొట్టి, గదే కల్లు కుండ ముచ్చట జెప్తుంటి, పొద్దుగాల దించిన కల్లు పులిసే వాసన. ఇద్దరం పిచ్చోళ్ళ లెక్క ఒకటే వాసన కోసం కొట్లాడుకుందుము.

ఒక దినం ఆయనకు అన్న కాడ్నుంచి ఉత్తరం వచ్చింది. బట్టీ మూసేస్తున్నరట. చలికాలం ఎల్లేవరకు ఆఖరి సారి కాస్తరట, పాత పనోళ్ళందరు వస్తరట, నువ్వు గూడ రా అని రాసిండు. ఆయన గుంజ మీద కూసొని సదివిండు, మడిసి జేబుల పెట్టిండు. పోత అన్నడు. అన్నడు గని మొఖం సిన్నవోయింది.

గీడ నా నోటి దూల సూడు. సాబ్, మీ బట్టీ వాసన నీకు గీడ్నే సూపిస్త అన్న.

కఫీల్ ఇంటెనక ఒక ఖర్జూరం చెట్టు ఉండె. రోజు సూస్తుంటి, నా చేతులు గులగుల అంటుండె. ఈత చెట్టుకు సొంత అన్నే గదా అది! మన కాడ ఈత చెట్టును గీసుడే. పండ్లు పిట్టలు తింటయి, ఎవలడుగుతరు? చెట్టు ఎవని పొలంల ఉన్నా ఎక్కేది మనమే. గదే బుద్ధి నాకు. పడవ తాడుతోని మోకు కట్టిన, కత్తి పదును వెట్టిన, తెల్లారగట్ల అందరు నమాజ్‌కు పోయినప్పుడు ఎక్కిన. మట్టలు కొట్టి మెడ కాడ గీసిన. నాలుగు దినాలకు సుక్క వడ్డది. అబ్బ బిడ్డా, ఆ సుక్క సూసి నేను చెట్టు మీదనే ఏడ్సిన. ఊరు యాదికొచ్చింది. మా నాయిన యాదికొచ్చిండు.

పాల డబ్బ కట్టి దించిన. పొద్దెక్కేవరకు నురుగు వట్టింది. అల్బట్ సాబ్ డబ్బ మూతి కాడ ముక్కు పెట్టిండు. తాగలే. శానసేపు అట్లనే ముక్కు పెట్టి ఉన్నడు. ఇది మా నాయిన అంగి వాసన అన్నడు. గప్పుడు తాగిండు. కండ్లు తుడుసుకోలే గూడ.

మర్నాడు కఫీల్ సూసిండు. ముసలాయన, ఎన్నడు గట్టిగ మాట్లాడకపోతుండె. నేను చెట్టు మీద ఉన్న, ఆయన కింద నిలబడ్డడు. తాగుడు సంగతి గాదు ఆయన బాధ. నేను దిగంగనే ఆ గాటు దిక్కు చెయ్యి సూపించి, “ఇది మా అమ్మ పెట్టిన చెట్టు” అన్నడు. వాళ్ళమ్మ పిలకను తడిబట్టల సుట్టుకొని పడవల తెచ్చిందట. కరువుల పిల్లలందరు దీని పండ్లు తినే బతికిండ్రట. నాకు గప్పుడు తెల్సింది బిడ్డా, నేను ఏం జేసిన్నో. సిగ్గుతోని సచ్చిపోయిన.

చెట్టు చావదు అర్బాబ్, నాకు ఎరుకే అన్న. మాలిక్‌ను గట్లనే పిలుస్తుంటిమి. “చావకుంటె మంచిదే. పండు కాసినప్పుడు పాస్‌పోర్ట్ ఇస్త. చస్తె నువ్వు నీ ఊరు మొఖం సూడవు” అన్నడు. ఖలాస్. ఇంక మూడు వారాలకే ఉండె నా ఛుట్టీ.

అల్బట్ సాబ్ ఉరికొచ్చిండు. తప్పు నాది, నేనే తాగిన అన్నడు. కఫీల్ ఆయన దిక్కు సూసి, నువ్వు చెట్టు ఎక్కలే గదా అన్నడు, అంతె.

ఇగ మేక పెంట, మట్టి కలిపి గాటుకు పూసిన. చెట్టు మొదట్ల పోసేటందుకు ఉప్పు నీళ్ళు పనికిరావు గదా, తాగే నీళ్ళు పోయాలె. నా వంతు నీళ్ళు సగం దానికే పోసిన. ఒక పొద్దుగాల సూస్తె అల్బట్ సాబ్ రెండు చేతులల్ల రెండు డబ్బలు మోసుకుంట వస్తుండు. మొఖం ఎర్రగ కందిపోయింది. సాబ్, మీ ఊరికి పోయే దినం అయితలేదా అన్న. చెట్టు పచ్చవడనీ, పోత అన్నడు.

బట్టీల ఆఖరి సారి బీరు కాసిన దినం ఆయన గీడ్నే ఉన్నడు. గదే చెట్టు కింద నా పక్కన నిలబడి గడియారం సూసుకున్నడు. ఇప్పుడు పొయ్యి ముట్టిస్తరు అన్నడు. కొంచెం సేపటికి, ఇప్పుడు ఊరంత వాసన అన్నడు. నేను తల వంచుకున్న. పో సాబ్ అంటె పోయేటోడు గాదు.

ఎండలు ముదిరేటప్పుడు నడిమిట్ల కొత్త మట్ట లేసింది. ఇంతే, ఏలంత. ఆయన సూసిండు, నా భుజం మీద కొట్టిండు, వారం దినాలల్ల పోయిండు. పోయేటప్పుడు ఆఖరి పడవను తనే కట్టిండు, మోకు ముడితోని. మంచిగ కట్టిండు. గీ పారి ముడి తప్పలే.

ఎండకాలం నడుమ పండ్లు పండినయి. గెల తక్కువనే గని తియ్యగ ఉండె. కఫీల్ నా పాస్‌పోర్ట్ తెచ్చిండు, దాంతోని ఒక బుట్ట పండ్లు. నీ బిడ్డకు అన్నడు. నేను ఇంటికి పోయేవరకు మీ అమ్మ నడుస్తుంది, మాట్లాడుతుంది. నన్ను సూసి తలుపెనక దాక్కున్నది. నీ మీద నా ప్రేమ ఎంత పెద్దదని ఎట్ల జెప్తం రెండేండ్ల పిల్లకు? అరచేతుల ఒక పండు వెట్టి గుమ్మంల కూసున్న. శానసేపు సూసింది. మెల్లగ వచ్చి పండు తీసుకున్నది, నా మోకాలు మీద చెయ్యి ఏసి తిన్నది. ఆ చెయ్యి బరువు ఇంక నాకు తెలుస్తనే ఉంటది.

ఏడాదికి అల్బట్ సాబ్ ఫోటో పంపిండు. కాలువ, ఎర్ర ఇటుకల గోడ, కిటికీలకు కట్టె పలకలు కొట్టేసి ఉన్నయి. గోడ పొంటి పూల పడవ ఒకటే. ఆ పడవ తాడుకు మన మోకు ముడి. ఆ ఊర్ల మన ముడి, బిడ్డా! మీ అమ్మమ్మ దేవుని పటాల పక్కన పెట్టింది. మెల్లగ ఎలిసిపోయింది, ఇప్పుడు ముడి కనవడదు.

జవాబు రాయలే నేను. నాకు ఇంగ్లీషు రాదాయె, ఎవలతోనన్న రాపిస్త, రాపిస్త అనుకుంటనే ఏండ్లు వోయినయి. నా కోసం ఆగి ఆఖరి బట్టీ పోగొట్టుకుంటివి గదా సాబ్ అని ఒక్క మాట… ఒక్క మాట గూడ రాయకపోతి. ఉన్నడో లేడో ఇప్పుడు. ఉంటె నా కంటె పెద్దోడు.

అగో, మీ ఆయన వస్తుండు చాయ్ వట్టుకొని. నీ చున్నీ తియ్యి బిడ్డా. ఆ కడ్డీకి మోకు ముడి ఎయ్యి. ఆఁ, కిందికెంచి తియ్యి, ఇంకో సుట్టు… అట్ల గాదు, నీ వేళ్ళు గూడ అల్బట్ సాబ్ వేళ్ళే ఉన్నయి పో. మల్ల ఎయ్యి. గుంజు. గట్టిగ గుంజు, ఊడదు… సల్లగుండు బిడ్డా, నూరేండ్లు సల్లగుండు. ఏదీ, ఇంకొక్కసారి ఎయ్యి, సూస్త…